ఒంటారియోని కుదిపితే మాట రాలింది

*చేతిలో నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. వాటితో ఏ మాట కుదురుతుంది? కారు వెనక సీట్లో పిల్లల ఆట అది. పొద్దున్నే ఫోన్లో పెద్దల ఆట. బోర్డు పరిస్తే పంతాల ఆట. ఈ విద్యలో కెనడా ముగ్గురు ప్రపంచ విజేతల్ని కన్నది. యంత్రం చేతిలో ఓడిన మాజీ విజేతా కెనడావాడే.*

టొరంటో నుంచి కింగ్‌స్టన్‌ వైపు వెళ్లే 401 హైవే. డిసెంబరు మధ్యాహ్నం. రోడ్డుకి రెండు పక్కలా మంచు, ముందు కదలని కార్ల బారు. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు, వాళ్ల మధ్య విజయవాడ నుంచి వచ్చిన అమ్మమ్మ. ముందున్న కారు నంబరు ప్లేటు మీద నాలుగక్షరాలు: సీ, బీ, టీ, ఆర్‌. ఒంటారియో కార్ల ప్లేట్లకి 1997 నుంచి నాలుగక్షరాలు, మూడంకెలు ఇస్తున్నారు. అంకెలతో పిల్లలకి పనిలేదు. ఆ నాలుగక్షరాలూ అదే వరుసలో వచ్చే ఇంగ్లీషు మాట చెప్పాలి, నడుమ వేరే అక్షరాలు ఎన్నున్నా సరే. అదీ ఆట.

“సెలబ్రేటర్‌!” అంది మనవరాలు.

“అలాంటి మాటే లేదు,” అన్నాడు తమ్ముడు.

“ఉంది. ఫోన్లో చూడు.”

“ఫోన్‌ చూస్తే ఆట కాదు. అమ్మా, అక్క తొండి చేస్తోంది!”

తీర్పు చెప్పాల్సిన అమ్మ స్టీరింగ్‌ మీద చేతులు పెట్టుకుని మంచుని తిట్టుకుంటోంది. అమ్మమ్మ మాత్రం ప్లేటు వంకే చూస్తూ, “సీ, బీ, టీ, ఆర్‌... కాబట్టి రా. సరిపోలా?” అంది.

“అమ్మమ్మా, అది ఇంగ్లీషు కాదు! పైగా రెండు మాటలు.”

“నాకొచ్చింది చెప్పాను నాన్నా. మార్కులెయ్యకపోతే మానెయ్యి.”

సెలబ్రేటర్‌ అనే మాట ఉంది. అక్క గెలిచింది. కానీ ఆ కారులో లేచిన తగువులు చిన్నవి కావు. ఏది మాట, ఏది కాదు? ఆ సంగతి తేల్చేదెవరు? ఫోను చూసి చెబితే చెల్లుతుందా? ఈ మూడు ప్రశ్నల మీద నిఘంటువులు తయారయ్యాయి, కోర్టుల్లో కేసులు నడిచాయి, పోటీల్లో నుంచి ఆటగాళ్లని బయటికి పంపేశారు.

పొద్దున్నే అయిదు గళ్లు

ఇప్పుడీ ముచ్చట మళ్లీ ఇంటింటా వినిపించడానికి కారణం ఫోను. జోష్‌ వార్డిల్‌ అనే వేల్స్‌ కుర్రాడు న్యూయార్క్‌లో ఉంటూ తన సహచరి కోసం తయారుచేసిన ‘వర్డిల్‌’ అనే చిన్న ఆట 2021 అక్టోబరులో జనంలోకి వచ్చింది. మూడు నెలలు తిరిగేసరికి లక్షల మంది ఆడుతున్నారు. 2022 జనవరి చివర్లో న్యూయార్క్‌ టైమ్స్‌ దాన్ని కొనేసింది. వాట్సాప్‌ గ్రూపుల్లో ఆకుపచ్చ, పసుపు గళ్లు చూసి ఇదేదో కొత్త ఎమోజీ అనుకున్న పెద్దలు కూడా తర్వాత్తర్వాత అందులో పడ్డారు.

ఆట సులువే. అయిదక్షరాల మాట ఒకటి దాక్కుని ఉంటుంది, ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి. ప్రతి ప్రయత్నం తర్వాతా ఏ అక్షరం ఉందో, ఏది లేదో గళ్ల రంగు చెబుతుంది. ఇరవయ్యారు అక్షరాలతో అయిదు గళ్లు నింపే తీరులు 1,18,81,376. అందులో జవాబులుగా పెట్టినవి 2,300 పైచిలుకు. అంటే ఆడేవాడి పని కోటీ పద్దెనిమిది లక్షల చెత్తని ఊడ్చి పారేయడమే.

2022 జనవరిలో ఒకరోజు జవాబు ‘ఫేవర్‌’. అమెరికా వాళ్లు దాన్ని అయిదక్షరాలతో రాస్తారు. కెనడాలో మధ్యలో ‘యూ’ కూడా వేసి ఆరక్షరాలు రాస్తారు. ఆ పొద్దు బ్రిటన్‌ వాళ్లూ కెనడా వాళ్లూ ఒక్కటై మండిపడ్డారు. కెనడా స్పెల్లింగు సంగతే వేరు. ‘కలర్‌’, ‘సెంటర్‌’ లాంటివి బ్రిటిష్‌ పద్ధతిలో రాస్తారు. కారు ‘టైరు’ దగ్గరికి వచ్చేసరికి అమెరికా పద్ధతి. ‘ఆర్గనైజ్‌’లో జెడ్‌ రాస్తారు, ఆ అక్షరాన్ని మాత్రం మనలాగే జెడ్‌ అని పలుకుతారు, అమెరికా వాళ్లలా జీ అనరు. గుంటూరులోనో వరంగల్‌లోనో బ్రిటిష్‌ స్పెల్లింగు నేర్చి వచ్చినవాళ్లకి ఇక్కడ సగం పుట్టిల్లు, సగం అత్తిల్లు.

పేపరు ముందేసుకుని లెక్కపెట్టాడు

అక్షరాలిచ్చి మాటలడిగే ఆటలన్నిటికీ పెద్దదిక్కు స్క్రాబుల్‌. దాన్ని పుట్టించిన ఆల్‌ఫ్రెడ్‌ మోషర్‌ బట్స్‌ న్యూయార్క్‌ రాష్ట్రంలోని ఆర్కిటెక్టు. 1930ల మాంద్యంలో ఉద్యోగం పోయింది. ఖాళీగా ఉన్నవాడు న్యూయార్క్‌ టైమ్స్‌ మొదటి పేజీ ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాడు. ఆ లెక్కే ఈనాటికీ నడుస్తోంది. వంద బిళ్లల్లో ‘ఈ’లు పన్నెండు, ‘ఏ’లు తొమ్మిది, ‘క్యూ’ ఒక్కటి, ‘జెడ్‌’ ఒక్కటి, ఖాళీ బిళ్లలు రెండు. ‘ఎస్‌’లు నాలుగే పెట్టాడు. ప్రతి మాట చివరా ఎస్‌ తగిలించి బహువచనం చేసుకుపోతే ఆట చప్పబడుతుంది కదా. క్యూకీ జెడ్‌కీ తలా పది పాయింట్లు. ఏడు బిళ్లలూ ఒకేసారి పరిస్తే యాభై పాయింట్లు అదనం, ఆటగాళ్లు దాన్ని ‘బింగో’ అంటారు.

బట్స్‌ ఆటని కొనేవాళ్లు చాలాకాలం దొరకలేదు. 1948లో జేమ్స్‌ బ్రూనో అనే మిత్రుడు దానికి స్క్రాబుల్‌ అని పేరు పెట్టి వ్యాపారం మొదలుపెట్టాడు. 1950ల తొలినాళ్లలో అది ఒక్కసారిగా ఊపందుకుంది. ఇందులో తమాషా ఏమిటంటే, బట్స్‌ గారికి స్పెల్లింగు అంతంతమాత్రమే.

కెనడాలో ఈ ఆటకి రెండు ముఖాలు. మాంట్రియల్‌లో ఫ్రెంచి స్క్రాబుల్‌ ఆడే ఇళ్లున్నాయి. ఫ్రెంచి డబ్బాలో బిళ్లలు 102, ‘ఈ’లు పదిహేను. ఇంగ్లీషులో నాలుగు పాయింట్లకే పోయే డబ్ల్యూ, వై బిళ్లలు అందులో పదేసి పాయింట్లు తెస్తాయి. ఒకే ఊళ్లో, వీధికి ఈ పక్క ఒక రేటు, ఆ పక్క ఒక రేటు.

> బిళ్లలు పోయి కోట్లొచ్చాయి
>
> 1979 డిసెంబరు 15. మాంట్రియల్‌. ‘గెజిట్‌’ పత్రికలో ఫొటో ఎడిటర్‌ క్రిస్‌ హేనీ, కెనడియన్‌ ప్రెస్‌ క్రీడా విలేకరి స్కాట్‌ అబాట్‌ స్క్రాబుల్‌ ఆడదామని కూర్చున్నారు. డబ్బా తెరిస్తే బిళ్లలు కొన్ని లేవు. విసుగొచ్చి, బీరు తాగుతూ, మనమే ఒక ఆట కనిపెడితే పోలా అనుకున్నారు. అదే ‘ట్రివియల్‌ పర్స్యూట్‌’. 1984 ఒక్క ఏడాదే ఉత్తర అమెరికాలో రెండు కోట్ల డబ్బాలు అమ్ముడయ్యాయి. 2008లో దాని హక్కుల్ని హాస్‌బ్రో కంపెనీ 8 కోట్ల డాలర్లకి కొన్నది.

సంగీతం మాస్టారు, లెక్కల మాస్టారు

ప్రపంచ స్క్రాబుల్‌ పోటీలు 1991లో మొదలయ్యాయి. 2005 వరకు జరిగిన ఎనిమిది పోటీల్లో మూడింటిని కెనడా వాళ్లు గెలిచారు. 1995లో లండన్‌లో డేవిడ్‌ బాయ్స్‌, 1999లో మెల్‌బోర్న్‌లో జోయెల్‌ వాప్నిక్‌, 2005లో మళ్లీ లండన్‌లో ఆడమ్‌ లోగన్‌. జనాభా చూసుకుంటే ఇది చిన్న లెక్క కాదు.

వీళ్లలో ఇంగ్లీషు సాహిత్యం బోధించేవాళ్లు ఎవరూ లేరు. బాయ్స్‌ మాంట్రియల్‌ పక్కనున్న డోర్వాల్‌లో కంప్యూటర్‌ ప్రోగ్రామర్‌. వాప్నిక్‌ మాంట్రియల్‌ మెక్‌గిల్‌ విశ్వవిద్యాలయంలో సంగీతం ఆచార్యుడిగా పనిచేశాడు. లోగన్‌ గణితవేత్త. ఇది కాకతాళీయం అనుకోను. చెదిరిన అక్షరాల్లో మాట కనిపించడం భాష తెలిసినవాడి పని కన్నా అమరిక పసిగట్టేవాడి పని. స్వరాల్లోనూ సంఖ్యల్లోనూ జీవితం గడిపినవాళ్లకి ఆ చూపు ఉంటుంది.

చూపు ఒక్కటే చాలదు, పద్ధతీ ఉంది. ఏడు వేర్వేరు అక్షరాల్ని పేర్చే తీరులు 5,040. ఆటలో ఒక్కో వైపుకి ఉండేది మొత్తం ఇరవై అయిదు నిమిషాలు, అన్నీ పేర్చి చూస్తూ కూర్చుంటే గడియారం ఊరుకోదు. అందుకని ఆటగాళ్లు అక్షరాల్ని అకారాది వరుసలో గుర్తుపెట్టుకుంటారు. ఉదాహరణకి ఏ, ఈ, ఐ, ఎన్‌, ఆర్‌, ఎస్‌, టీ. ఈ ఏడూ ఆ వరుసలో కంటపడగానే ఆరితేరినవాడి బుర్రలో రిటెయిన్స్‌, రెటినాస్‌, నాస్టియర్‌, స్టెయినర్‌, యాంట్సియర్‌, రెట్సీనా వగైరా ఒకదాని వెంట ఒకటి లేచి నిలబడతాయి. కొత్తవాళ్లకి చిట్కాలు వేరే. చేతిలో ‘ఇంగ్‌’ ఉందా, ‘ఎడ్‌’ ఉందా, మొదట్లో ‘రీ’, ‘అన్‌’ పెట్టగలమా అని చూసి, ఆ ముక్క పక్కన పెట్టి మిగిలిన వాటిని కుదుపుతారు.

ఊళ్ల పేర్లు ఆటలో చెల్లవు. కానీ వాటి అక్షరాల్ని కలిపి కుదిపితే చెల్లే మాటలు రాలొచ్చు. ఒంటారియో తీసుకోండి. ఇంగ్లీషులో ఏడక్షరాలు: ఓ, ఎన్‌, టీ, ఏ, ఆర్‌, ఐ, ఓ. కుదిపితే ‘ఒరేషన్‌’. ప్రసంగం. దేశ రాజధాని ఒటావా ఆ రాష్ట్రంలోనే ఉండటం వల్ల పేరు సార్థకమే. ఆల్బర్టాని కుదిపితే ‘రేటబుల్‌’, పన్ను వేయదగినది అని ఒక అర్థం. రాష్ట్ర అమ్మకం పన్ను లేనిదిగా ఆల్బర్టా వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు, వాళ్లకి ఈ సంగతి చెప్పకపోవడమే మేలు.

> టట్‌ గారి పేరు మీద
>
> చెదిరిన అక్షరాల్ని సరిచేసే పని యుద్ధంలో ప్రాణాలు నిలిపింది. ఇంగ్లండులోని బ్లెచ్లీ పార్క్‌లో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పనిచేసిన బిల్‌ టట్‌, జర్మన్ల లోరెంజ్‌ గూఢలిపి యంత్రాన్ని కంటితో చూడకుండానే దాని లోపలి అమరిక ఎలా ఉంటుందో సంకేత లిపిని బట్టి తేల్చేశాడు. యుద్ధం తర్వాత టొరంటోలో డాక్టరేటు చేశాడు. 1962 నుంచి వాటర్లూ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. 2002లో కన్నుమూశాడు. ఒటావాలో ఆయన పేరిట గణిత, కంప్యూటింగ్‌ సంస్థ ఉంది. స్క్రాబుల్‌ విజేత ఆడమ్‌ లోగన్‌ గణిత పత్రాలు కొన్ని ఆ సంస్థ చిరునామాతోనే వెలువడ్డాయి.

అర్థంతో పనేముంది?

2005 ఫైనల్లో లోగన్‌ ఓడించింది థాయ్‌లాండ్‌ ఆటగాడు పకోర్న్‌ నేమిత్రమన్సుక్‌ని. అంతకు ముందు పోటీలో, 2003లో, విజేత మరో థాయ్‌ యువకుడు పానుపోల్‌ సుజ్జయకోర్న్‌. 2015లో నైజీరియాకి చెందిన వెల్లింగ్టన్‌ జిఘేరే. ఇంగ్లీషు పుట్టింట పెరిగినవాళ్లనే ఈ ఆట వరిస్తుందన్న నమ్మకం ఏనాడో పోయింది.

ఆ నమ్మకాన్ని పూర్తిగా నేల కూల్చినవాడు న్యూజిలాండ్‌కి చెందిన నైజెల్‌ రిచర్డ్స్‌. అయిదుసార్లు ఇంగ్లీషు ప్రపంచ విజేత. 2015లో బెల్జియంలో జరిగిన ఫ్రెంచి ప్రపంచ పోటీకి వెళ్లి గెలుచుకొచ్చాడు. ఆయనకి ఫ్రెంచి రాదు. తొమ్మిది వారాల్లో ఫ్రెంచి పదాల జాబితా మొత్తం బుర్రలోకి ఎక్కించుకున్నాడు. 2024లో స్పానిష్‌ పోటీలోనూ అదే పని చేశాడు. బళ్లో కుర్రాళ్లు అర్థం తెలియక మునుపే అమరకోశం వల్లెవేసిన రోజులు తెలిసినవాళ్లకి ఇది మరీ వింతగా ఉండదు.

ఈ సంగతి మన వాళ్లు గట్టిగా చెవికెక్కించుకోవాలి. ఐఈఎల్‌టీఎస్‌ బ్యాండు కోసం అప్పుచేసి కోచింగు తీసుకుని, ఇమిగ్రేషన్‌ ఆఫీసరు ముందు రెండు ముక్కలు మాట్లాడటానికి నాలిక తడారిపోయి, ఇరవయ్యేళ్లు టొరంటోలో ఉన్నా పిల్లల స్కూలు మీటింగులో నోరు విప్పని తల్లిదండ్రులు ఎందరో. ‘మన ఇంగ్లీషుకి స్క్రాబుల్‌ ఏమిట్లే’ అని పిల్లల్ని బోర్డు దగ్గర వదిలి వంటింట్లోకి వెళ్లిపోతారు. ఆ బోర్డు మీద యాస లేదు, వ్యాకరణం లేదు, వాక్యమే లేదు. రెండక్షరాల మాటలు నూరు పైచిలుకు బట్టీ పడితే పదేళ్ల పిల్లల్ని ఓడించొచ్చు. ‘క్యూ’ పక్కన ‘ఐ’ పెడితే అదీ మాటే అని ఒక్కటి తెలిస్తే చాలు, ఆట మారిపోతుంది. 2006లో ఆ మాట ఉత్తర అమెరికా జాబితాలో చేరింది. ‘ఓకే’ అనే రెండక్షరాలు మాత్రం 2018 దాకా చెల్లలేదు!

> మన సరుకు
>
> రుపీ, లాఖ్‌, క్రోర్‌, ఘీ, శారీ, రోటీ. ఇవన్నీ స్క్రాబుల్‌ బోర్డు మీద చెల్లే మాటలే. ‘బాండికూట్‌’ కూడా చెల్లుతుంది, అది మన పందికొక్కే. ‘సాంబార్‌’ అని పేర్చినా పాయింట్లొస్తాయి. కాకపోతే ఉత్తర అమెరికా డిక్షనరీ లెక్కలో అది ఇడ్లీ పక్కన పోసుకునేది కాదు, అడవిలో తిరిగే కణుజు.

టొరంటోలో యంత్రం గెలిచిన వైనం

2006లో టొరంటోలో ఒక పోటీ పెట్టారు. ఒక పక్క 1995 ప్రపంచ విజేత డేవిడ్‌ బాయ్స్‌. ఇంకో పక్క ‘క్వాకిల్‌’ అనే ప్రోగ్రామ్‌. అయిదాటల్లో ఎవరు మూడు గెలిస్తే వాళ్లది పైచేయి. మొదటి రెండూ బాయ్స్‌ గెలిచాడు. తర్వాత మూడూ యంత్రానివే. స్వయంగా ప్రోగ్రామర్‌ అయినవాడు ప్రోగ్రామ్‌ చేతిలో ఓడాడు. చదరంగంలో కాస్పరోవ్‌ ఓడినప్పుడు లోకమంతా గుండెలు బాదుకుంది. దీని సంగతి ఆడేవాళ్లు తప్ప పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

నిజానికి మాటలు వెతకడం యంత్రానికి నల్లేరు మీద నడక. ఉత్తర అమెరికా పోటీల జాబితాలో ఉన్నవి లక్షా తొంభై వేల పైచిలుకు మాటలు. ప్రతి మాట అక్షరాల్నీ అకారాది వరుసలో సర్ది ముందే దాచుకుంటుంది యంత్రం. మీరిచ్చిన అక్షరాల్నీ అలాగే సర్దుతుంది. రెండూ కలిసినచోట జవాబు. సీ, బీ, టీ, ఆర్‌ వరుసగా వచ్చే మాటలు కావాలంటే ప్రతి మాటనీ ఎడమ నుంచి కుడికి ఒకసారి తడిమి చూస్తుంది. లక్షా తొంభై వేలూ తడమడానికి సెకను కూడా పట్టదు. క్వాకిల్‌ గొప్పతనం అందులో లేదు. దొరికిన మాటల్లో ఏది ఎక్కడ వేస్తే, ఏ బిళ్లలు దాచుకుంటే, తర్వాత వచ్చే ఎత్తుకి లాభమో వేల ఆటలు లోలోపల ఆడి చూసుకుంటుంది. వెతకడం కాదు, వదులుకోవడం నేర్చుకుంది. మనిషి అక్కడ ఓడాడు.

కోల్‌కతా అన్నదమ్ములు, కెనడా హక్కులు

ఈ కథలో మన దేశానికీ ఒక పాత్ర ఉంది. కోల్‌కతాకి చెందిన రజత్‌, జయంత్‌ అగర్వాలా అన్నదమ్ములు తయారుచేసిన ‘స్క్రాబ్యులస్‌’ 2007లో ఫేస్‌బుక్‌లో దుమారం లేపింది. ఆఫీసుల్లో పనులు ఆగిపోయాయని అప్పట్లో చెప్పుకునేవారు. స్క్రాబుల్‌ హక్కులు అమెరికా, కెనడాల్లో హాస్‌బ్రోవి. మిగతా ప్రపంచంలో మాటెల్‌ కంపెనీవి. హాస్‌బ్రో కోర్టుకెక్కింది. 2008 జులై 29న అమెరికా, కెనడా ఆటగాళ్లకి స్క్రాబ్యులస్‌ తెర మూసుకుపోయింది. ఎత్తు వేసి అవతలివాడి వంతు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఆ సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు మాటెల్‌ వేసిన కేసులో ఆ పేరు ట్రేడ్‌మార్కుని ఉల్లంఘించిందని చెబుతూనే, ఆట మీద కాపీరైటు ఉందన్న వాదనని మాత్రం ఒప్పుకోలేదు. అన్నదమ్ములు పేరు మార్చి ‘లెక్సులస్‌’ అన్నారు, ఆట సాగించారు.

తిట్టు వేస్తే పాయింట్లా?

అర్థంతో పనిలేదని ఇందాక అన్నానా? 2020లో ఆ మాటే నిప్పంటించింది. ఉత్తర అమెరికా స్క్రాబుల్‌ ఆటగాళ్ల సంఘానికి అప్పట్లో అధిపతి టొరంటో వాసి జాన్‌ చూ. అమెరికాలో జార్జ్‌ ఫ్లాయిడ్‌ హత్య తర్వాత జాతుల్నీ వర్గాల్నీ కించపరిచే మాటల్ని జాబితా నుంచి తీసేద్దామని ఆయన ప్రతిపాదించారు. సంఘం రెండుగా చీలింది. బోర్డు మీద మాట అంటే పాయింట్ల మూట మాత్రమే, దానికి అర్థం అంటగట్టకండి అని ఒక వర్గం. ఎదుటి కుర్చీలో కూర్చున్న మనిషి రంగునో పుట్టుకనో తిట్టే మాట ఆ మనిషి కళ్లెదుటే పేర్చి పాయింట్లు రాసుకోవడం ఏం ఆట అని రెండో వర్గం. చివరికి రెండు వందల పైచిలుకు మాటల్ని తీసేశారు.

నా మటుకు రెండోవాళ్లదే న్యాయం. కులం పేరుతో తిట్టే మాటల్ని గళ్లనుడికట్టులో జవాబుగా పెడితే మనం ఊరుకుంటామా? ఏడు బిళ్లలు దించే సరదా కోసం ఒకరు తలదించుకోనక్కర్లేదు.

అక్షరం నిషేధించేవాడు మనకెప్పుడో ఉన్నాడు

ఉత్తర అమెరికా తెలుగిళ్లలో ఇంగ్లీషు అక్షరాల పిచ్చి ముదిరింది స్పెల్లింగ్‌ బీ వల్ల. 2012లో స్నిగ్ధ నందిపాటి, 2013లో అరవింద్‌ మహంకాళి గెలిచినప్పుడు మన పత్రికలన్నీ మొదటి పేజీకెత్తాయి. 2024లో బృహత్‌ సోమ 90 సెకన్లలో 29 మాటలకి సరైన స్పెల్లింగు చెప్పి అవాక్కయ్యేలా చేశాడు. కెనడా పిల్లలూ ఆ వేదిక మీద మెరిశారు. 2006, 2007ల్లో వరుసగా ఆల్బర్టా పిల్లలు రెండో స్థానం దాకా వెళ్లారు. కానీ స్పెల్లింగ్‌ బీలో మాట ఇచ్చి అక్షరాలడుగుతారు, స్క్రాబుల్‌లో అక్షరాలిచ్చి మాట అడుగుతారు. మొదటిది పరీక్ష. పిల్లవాడు వేదిక మీద ఒంటరిగా నిలబడతాడు, తల్లిదండ్రులు కింద కూర్చుని గోళ్లు కొరుక్కుంటారు. రెండోది ఎదురెదురుగా కూర్చుని ఆడుకునే ఆట. మన వాళ్లు మొదటిదాని మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు రెండోదాని మీద పెట్టలేదు. ట్రోఫీ వచ్చేదానికే మనం కోచింగు పెట్టిస్తాం మరి.

వర్డిల్‌లో ఒక అక్షరం బూడిద రంగులోకి మారితే ఇక దాన్ని వాడొద్దని అర్థం. లోకం దీన్ని 2021లో కొత్త ఆటగా చూసింది. అష్టావధానంలో నిషిద్ధాక్షరి పట్టుకుని కూర్చునే పృచ్ఛకుడు అంతకన్నా కఠినుడు. అవధాని ఒక్కో అక్షరం పలకగానే రాబోయే మాటని పసిగట్టి, దానికి కావలసిన అక్షరాన్నే నిషేధిస్తాడు. అవధాని తోవ మార్చుకుని, ఛందస్సు తప్పకుండా, అర్థం చెడకుండా పద్యం పూర్తి చేయాలి. పక్కన దత్తపది అడిగేవాడు సంబంధంలేని నాలుగు మాటలిచ్చి పద్యంలో ఇమడ్చమంటాడు. ఆరు ప్రయత్నాలూ ఉండవు, పసుపు గళ్లూ ఉండవు. గళ్లలో మాటలు పేర్చే సరదాకి మన పత్రికల గళ్లనుడికట్టు ఉండనే ఉంది.

మరి తెలుగు స్క్రాబుల్‌ ఎందుకు లేదని అడిగేవాళ్లుంటారు. చిక్కు లిపిలో ఉంది. హల్లులన్నిటికీ గుణింతాలు వేస్తేనే బిళ్లలు నాలుగు వందలు దాటుతాయి, వత్తుల సంగతి ఇంకా ఎత్తుకోలేదు. గుణింతాల్ని వేరే బిళ్లలుగా చేసి హల్లు మీద పెట్టే ఏర్పాటు ఏదన్నా చేయగల ఇంజినీర్లు మన వాళ్లలో కావలసినంత మంది. ఎవరో ఒకరు పూనుకోవాలి.

ఫోను తీయొచ్చా?

కారులో తమ్ముడి ప్రశ్నకి వద్దాం. అక్షరాలిస్తే క్షణంలో మాటలు చూపించే సదుపాయాలు ఇప్పుడు ఎవరి ఫోన్లోనైనా ఉన్నాయి. అవి వచ్చాక దూరంగా ఉండి ఫోన్లో ఆడే ఆటలకి నమ్మకం పోయింది. నిన్నటిదాకా ‘క్యాట్‌’, ‘డాగ్‌’ వేసిన బావగారు ఇవాళ ఏడక్షరాల గ్రీకు మాట దించితే ఎవరికైనా అనుమానం వస్తుంది. అడగలేం, అడిగితే చుట్టరికాలు చెడతాయి.

పోటీల నీతి చిత్రంగా ఉంటుంది. ఫోను చూస్తే దొంగతనం. లేని మాటని మొహం మీద గీత కదలకుండా పేర్చడం మాత్రం నేర్పరితనం. అవతలివాడు అనుమానిస్తే ఇద్దరూ లేచి కంప్యూటరు దగ్గరికి వెళ్లి మాట టైపు చేస్తారు. చెల్లుతుంది, చెల్లదు అని అది తేల్చేస్తుంది, అర్థం చెప్పదు. చెల్లకపోతే వేసినవాడు బిళ్లలు వెనక్కి తీసుకుంటాడు, వంతు పోతుంది. చెల్లితే, ఉత్తర అమెరికా నియమాల్లో, అనుమానించినవాడి వంతు పోతుంది. కాబట్టి తెలియని మాట చూసి నోరెత్తాలంటే గుండె ఉండాలి. 2012లో అమెరికా జాతీయ పోటీల్లో ఖాళీ బిళ్లలు దాచుకున్న ఆటగాణ్ని మధ్యలోనే పంపించేశారు. అబద్ధపు మాటకి శిక్ష ఒక వంతు, దాచిన బిళ్లకి శిక్ష బహిష్కరణ.

ఇంట్లో ఆడేవాళ్లకి ఒక కట్టుబాటు చాలు. ఆట నడుస్తున్నంతసేపూ ఫోన్లన్నీ ఒక గిన్నెలో పడేయండి. ఆట అయ్యాక తీసి, చేతిలో ఉన్న బిళ్లలతో ఏమేం వేయగలిగేవాళ్లమో వెతుక్కోండి. మంచి ఆటగాళ్లూ అలాగే నేర్చుకుంటారు. ఓడిన ఆటలో తప్పిపోయిన మాట ఏడాది గడిచినా మర్చిపోరు. పెద్దవాళ్లు ఊరి నుంచి వచ్చి ఉంటే వాళ్లనీ బోర్డు దగ్గర కూర్చోబెట్టండి. రెండక్షరాల మాటల జాబితా ఒక కాగితం మీద రాసి ఇస్తే చాలు.

మొదలుపెట్టడానికి సస్కాచెవాన్‌ రాజధాని రెజైనా ఇస్తున్నాం. ఆరక్షరాలు: ఆర్‌, ఈ, జీ, ఐ, ఎన్‌, ఏ. ఆరూ వాడుకుంటూ, ఊరి పేరు కాకుండా, కనీసం రెండు ఇంగ్లీషు మాటలున్నాయి. ఫోను తీయకుండా వెతకండి.